వస సీసాల మీద నీలి గీత

మా ల్యాబులో రెండు రకాల వస ఉండేది. చూడ్డానికి రెండూ ఒకటే. గాజు సీసాలో, జెల్లీ మీద, వేలెడంత ఎత్తున సన్నటి పచ్చటి ఆకులు. ఒక రకాన్ని పడమటి కనుమల్లోని మలెనాడులో ఒక వాగు పక్క నుంచి తెచ్చాం, ఇంకోదాన్ని మా తుంగభద్ర కాలువ గట్టు నుంచి. తేడా అంతా వాటి దుంపలోని నూనెలో ఉంది. ఆ నూనెలో ఒక పదార్థం మోతాదు మించితే ఒంటికి మంచిది కాదని మందుల కంపెనీలు సరుకు తీసుకోవు. మలెనాడు రకంలో అది తక్కువ, కాలువ రకంలో బాగా ఎక్కువ. అందుకే పైరుకు ఇచ్చేది మలెనాడు రకం. కాలువ రకాన్ని పోల్చి చూడటానికి మాత్రమే పెట్టుకున్నాం. మొదటిదానికి మూత మీద నీలి గీత, రెండోదానికి ఎర్ర గీత గీసేవాళ్ళం.

ఆ గీతలు గీసే పని నాది. బళ్ళారి సత్యనారాయణపేటలో పుట్టి పెరిగినదాన్ని. మాది బజారులో కొట్టున్న కుటుంబం. మా ఇంట్లో సైన్సు చదివింది నేనొక్కదాన్నే. మొక్క కొసను వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి, గాలి తగలకుండా సీసాలో పెట్టడంలో నా చెయ్యి మంచిదని ల్యాబులో పేరు. నా చేతి సీసాలకు బూజు పట్టదని ల్యాబు నడిపే సార్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. విన్నప్పుడల్లా తలవంచుకునేదాన్ని కానీ, ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననిపించేది.

ఆ ఏడాది ఎండాకాలం సీసాలుంచే గదిలో నల్లి పడింది. కంటికి ఆనని పురుగు. ఒక సీసా నుంచి ఇంకో సీసాకు పాకుతూ బూజును మోసుకుపోతుంది. ప్రతి సీసానూ బయట స్పిరిట్‌తో తుడవమన్నారు సార్. మధ్యాహ్నానికి మందుల కంపెనీవాళ్ళు ల్యాబు చూడ్డానికి వస్తున్నారు, ఆలోగా అయిపోవాలి. గుడ్డ ముంచుకుని అర తర్వాత అర తుడుచుకుంటూ పోయాను. మూడో రాక్ పై అర అయ్యాక చూసుకుంటే గుడ్డకు నీలి రంగు, ఎర్ర రంగు కలిసి అంటుకుని ఉన్నాయి. స్పిరిట్‌కు మార్కర్ సిరా కరుగుతుందని నాకు తెలియక కాదు. తొందరలో మూతల మీద కూడా రుద్దేశాను. ఇరవై నాలుగు సీసాల మీద ఏ గీతా లేదు.

పై అరలో ఎప్పుడూ నీలి గీతవే ఉంటాయి. అందుకని, గుడ్డకు ఎర్ర రంగు ఎక్కడిదని ఆలోచించకుండా మార్కర్ తీసుకుని అన్నిటి మీదా నీలి గీతలు గీసేశాను. ఆఖరి మూత మీద గీస్తుండగా సీసాలు కడిగే ఆమె బుట్ట పట్టుకుని వచ్చింది. ఆమెది కెంచనగుడ్డ అనే పల్లె. మాలో అందరికంటే ముందు నుంచీ ఆ ల్యాబులో ఉంది.

"మేడం, నిన్న ఈ అరలు కడిగేటప్పుడు కింద ట్రేలు పైన, పై ట్రేలు కింద పెట్టినట్లుండాది. గీతలు చూసి సరిగ్గా పెట్టుకోండి" అంది.

"సరేలే, చూసుకుంటా" అన్నాను.

ఆమె వెళ్ళిపోయింది. నేను మార్కర్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చేయవలసింది ఏమిటో తెలుసు. ఆ ఇరవై నాలుగు సీసాలనూ పెద్ద కుక్కర్ లాంటి యంత్రంలో పెట్టి, ఉడికించి పారేయాలి. పెద్ద నష్టమేమీ కాదు. కానీ ఎందుకు పారేశావని సార్ అడుగుతారు. కంపెనీవాళ్ళు వచ్చే రోజున, నా చేతి వల్ల సీసాలు పాడయ్యాయని చెప్పాలి. చెప్పలేకపోయాను. ఆ మూతల అంచున మాత్రం, దగ్గరగా చూస్తే తప్ప కనపడనంత చిన్న చుక్క పెట్టాను. తర్వాత తీరిగ్గా పరీక్ష చేయించి తేల్చుకోవచ్చని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తీరిక ఎప్పుడూ రాలేదు. రానివ్వలేదు అనడమే నిజం.

కొన్ని వారాలకొకసారి ఒక్కో గుబురునూ విడదీసి నాలుగైదు సీసాల్లో పెడతాం. వాటిని మళ్ళీ విడదీస్తాం. వానలు పడేనాటికి నా చుక్కల సీసాలు రెండు రాక్‌లు నిండాయి. వాటి పిల్లలకు కూడా చుక్కలు పెడుతూనే ఉన్నాను. పైరుకు పంపే ముందు కంపెనీ ఒక నమూనా పరీక్ష అడిగింది. సార్ నాతో, "నీలి గీతవి ఏవైనా తీసి పంపించేయమ్మా" అన్నారు. నేను చుక్క లేని సీసాలను ఏరి తీసి పంపాను. ఫలితం బాగా వచ్చింది. సార్ అందరికీ స్వీట్లు పంచారు. నేనూ ఒకటి తిన్నాను.

ఆ మొక్కలు తీసుకుంది మా బళ్ళారి జిల్లాలోనే, కంప్లి దగ్గరున్న ఎమ్మిగనూరు రైతు ఒకాయన. వాళ్ళ తాతల కాలం నుంచీ అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. వరి, చెరుకు వేస్తారు. ఆయన పొలంలో కాలువ ఊటతో ఏడాదంతా తడారని మూల ఒకటుంది. అందులో వరి ఏపుగా పెరిగి పడిపోతుంది. వస నీళ్ళలో పెరిగేదే కాబట్టి అక్కడ వేయమని సార్ చెప్పారు. ఆయన ఒకసారి ల్యాబు చూస్తానని వచ్చాడు. అరవై దాటిన మనిషి. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, మేమిచ్చిన తెల్లకోటు వేసుకుని, తలకు టోపీ పెట్టుకుని గదంతా తిరిగాడు.

"ఇంత చిన్న పైరుకు ఇంత మర్యాదనా అమ్మా" అన్నాడు. "మా మడిలో వేస్తే నన్ను తిట్టుకుంటాదేమో."

నాట్లప్పుడు నేను కూడా వెళ్ళాను. వరి నాటినట్టే ఆడవాళ్ళు వరుసగా వంగి నాటుతున్నారు. ఆయన భార్య గట్టు మీద నిలబడి ఒక మొక్క ఆకు నలిపి వాసన చూసింది.

"దీన్ని కన్నడమోల్లు బజె అంటారు. మాటలొస్తాయని మా పిల్లోల్లకంతా నేనే పోసినా" అంది. "పెద్దోనికి రవంత ఎక్కువైనట్లుండాది. ఇప్పటికీ నోరు మూయడు."

నాటేవాళ్ళు నవ్వారు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం చేశాను. జొన్నరొట్టె, గుత్తి వంకాయ, పెరుగు. ఆమె దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. చుక్కల సీసాల మొక్కలు కూడా ఆ మడిలోనే ఉన్నాయి. అవి లేకుంటే లెక్క తగ్గేది, అందుకే పంపాను. సగం పైన అవే.

మరుసటి ఏడాదికి దుంపలు తవ్వారు. బురదలోంచి తీసి, కడిగి, పీచు వలిచి, ముక్కలు కోసి ఎండబెట్టారు. ఆ పని ఎంత కష్టమో వాళ్ళను చూశాకే నాకు తెలిసింది. కంపెనీవాళ్ళు వచ్చి నాలుగు మూటల్లోంచి నమూనాలు తీసుకుపోయారు. పది రోజులకు సరుకు వద్దన్నారు. అందులో ఆ పదార్థం మోతాదు మించి ఉంది.

ఆయన చిన్న సంచిలో ఎండు వస వేసుకుని ల్యాబుకు వచ్చాడు. సార్ గదిలో కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. నన్ను కూడా పిలిచారు. నేను సార్ కుర్చీ పక్కన నిలబడ్డాను.

"సార్, నేను యాడ తప్పు చేసిననో చెప్పండి" అన్నాడాయన. "మీరు వద్దన్నా ఒకసారి రవంత యూరియా చల్లినా. ఆకు పచ్చగా లేదని మనసాగలే. దానికేమన్నా అయిందా?"

సార్ ఆలోచించి, "యూరియాకు ఇంత తేడా రాదు. మరి మొక్కలప్పుడు పరీక్ష సరిగ్గానే వచ్చింది కదా" అంటూ నా వైపు చూశారు.

"వచ్చింది సార్" అన్నాను.

"అట్లయితే నా భూమిలోనే ఏందో ఉండాది" అన్నాడాయన. "మా నాయన కాలంలో ఆ మూల చెరుకు ఫ్యాక్టరీ మడ్డి తోలినారు. దాని దోషమా?"

"నేల స్వభావం, నీళ్ళు, ఇవన్నీ కలిసి చేస్తాయండి. ఖచ్చితంగా ఇదని చెప్పలేం" అన్నారు సార్. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకు తెలిసింది అంతే.

ఆ పెద్దాయన నా వైపు తిరిగాడు. "అంతేనా అమ్మా? నువ్వు నాట్లప్పుడు చూసినావు కదా. నీళ్ళ వల్లనా?"

ఇప్పటికీ ఆ క్షణం తలచుకుంటే మెడ వెనక వేడెక్కుతుంది. ఆయన నన్నే అడిగాడు. సార్‌ను కాదు, నన్ను. నేను చెప్పింది ఇది: "నీళ్ళ వల్ల కూడా అయ్యుండొచ్చు, పెదనాయనా."

ఆయన తలూపాడు. సంచిని బల్ల మీదే పెట్టి లేచాడు. "ఇది మీ పరీక్షలకు పనికొస్తే ఉంచుకోండి. ఇంట్లో చానా ఉండాది. మా ఇంటామె మనవరాలికి అరగదీసి తేనెలో నాకిస్తాంది" అన్నాడు.

"దాన్ని పాపకు పెట్టొద్దు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఏం?"

"కంపెనీ వద్దన్న సరుకు కదా."

"మీ ల్యాబుది, మంచిదని పెడతాంది" అంటూ ఆయన ఆగాడు. "సరే, వద్దని చెప్తాలే."

ఆయన పోయాక నేను సీసాలు కడిగే చోటికి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఆమె తలెత్తకుండా కడుగుతూనే, "మేడం, ఆ రోజు ట్రేల సంగతి సార్‌కు చెప్పినారా?" అని అడిగింది.

ఆమె కడిగి పెట్టిన సీసా ఒకటి తీసి బోర్లించాను.

"మీరు చెప్తారేమోనని చూస్తాంటి" అంది. "నేను చెప్తే సార్ మీ మాట నమ్ముతాడు గాని నా మాట నమ్మడు. పైగా ట్రేలు మార్చింది నేనని నా మీదికే వస్తాది."

అది నిజం. నేను నోరు విప్పకపోతే ఏదో ఒక రోజు ఆ నింద ఆమె మీద పడేదే. అప్పుడు కూడా నేను నోరు విప్పి ఉండేదాన్నా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. విప్పేదాన్ననే అనిపిస్తుంది. కానీ గట్టిగా చెప్పలేను.

మరుసటి రోజే ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళానని రాయాలని ఉంది. వెళ్ళలేదు. పది రోజులకు ఒక ఆదివారం కంప్లి బస్సెక్కాను. ఆ పది రోజులూ పాప గురించి అడగడానికి ఫోను తీయడం, పక్కన పెట్టేయడం.

ఊరి బయట దిగి పొలం మీదుగా నడిచాను. ఆ మూల చేరేసరికి దారి తప్పానేమో అనుకున్నాను. అక్కడ మడి లేదు. మోకాలి లోతు గుంత ఉంది, నాలుగు వైపులా జేసీబీ పళ్ళ గీతలు. అడుగున ఎర్రగా, గట్టిగా, గరుసు తేలి ఉంది. ఊట నీళ్ళు ఒక పక్కకు చేరి నిలిచాయి. ఆయన గట్టు మీద ఉన్నాడు.

"ఏంది పెదనాయనా ఇది?" అన్నాను.

"దోషముండే మన్ను ఎందుకమ్మా" అన్నాడు. "పైదంతా గీకిచ్చి రోడ్డు పనోల్లకు ఇచ్చేసినా. ఆ మన్ను వల్ల పక్క మడికి కూడా అంటుకుంటే? మా తమ్ముడు అదే అన్నాడు. ఊర్లో కూడా అందరూ అదే మాట."

నల్లరేగడి. వాళ్ళ తాత ఎడ్లబండ్లతో చెరువు పూడిక తోలి పోగేసిన మన్ను అని నాట్ల రోజున ఆయనే నాతో చెప్పాడు. దాని కింద ఉన్నదంతా గరుసే. నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఎండకు కళ్ళు తిరిగాయనుకుని ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"మన్నులో దోషం లేదు పెదనాయనా. నేను ఇచ్చిన మొక్కలే తప్పు" అన్నాను.

మొదలుపెట్టాక అంతా చెప్పాను. స్పిరిట్ గుడ్డ, గీతలు, చుక్కలు, పరీక్షకు వేరే సీసాలు ఏరి పంపడం. ఆయన వింటూ గట్టు మీది గడ్డి పీకుతున్నాడు. అయిపోయాక చేతిలోని గడ్డి పడేశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఆ రోజు సార్ ముందర నేను నిన్ను అడిగినప్పుడు, నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసే నీళ్ళన్నావు."

"అవును."

ఆయన లేచి గుంత అంచు దాకా నడిచి, నాకు వీపు చేసి నిలబడ్డాడు. తిట్టి ఉంటే ఏడ్చి ఉండేదాన్ని. ఆయన తిట్టలేదు, నాకు ఏడుపు రాలేదు. ఇంటికి తీసుకువెళ్ళాడు. ఆయన భార్యకు ఆయనే నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె నన్ను చూడకుండా లోపలికి పోయి, మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. ఎనిమిది నెలల పాప. బాగానే ఉంది. కాటుక ముఖమంతా పూసుకుని నన్ను చూసి నవ్వింది.

"ఎన్ని సార్లు పెట్టారు పెద్దమ్మా?" అని అడిగాను.

"నాలుగైదు సార్లు. ఈయన వచ్చి వద్దన్నప్పటి నుంచి పెట్టలే." ఆమె పాప తల నిమిరింది. "నువ్వు ఆ పొద్దు ఈడ కూచోని అన్నం తిన్నప్పుడు చెప్పుంటే, దీనికి పెట్టేదాన్నే కాదు కదమ్మా."

బళ్ళారిలో పిల్లల డాక్టరుకు చూపిద్దామని, నేనే తీసుకువెళ్తానని అన్నాను. కంప్లిలో చూపించుకుంటాములే అంది. నా వెంట పంపడం ఇష్టం లేదని అర్థమైంది. ఆమె నాకు కాఫీ ఇచ్చింది, అంతకుముందు ఇచ్చిన స్టీలు గ్లాసులోనే. తాగడం కష్టమైంది.

సెలవు తీసుకోబోతుంటే ఆయన, "నాకు చెప్పింది సరే. ఊర్లో చెప్పల్ల" అన్నాడు.

"ఎవరికి?"

"ఆ మూల చెడ్డదని అందరి నోట్లో పడింది. రేపు మా పిల్లోల్లు దాన్ని కౌలుకు ఇచ్చినా ఎవుడూ తీసుకోడు. నువ్వే చెప్పు, నేను చెప్తే ఏదో సాకు చెప్తాండాడంటారు."

బస్‌స్టాప్ దగ్గర టీ హోటల్. ఆదివారం కాబట్టి పది మంది దాకా ఉన్నారు, ఆయన తమ్ముడు కూడా. ఆయన నన్ను బెంచీ పక్కన నిలబెట్టి, "ల్యాబు మేడం ఏందో చెప్తాది, వినండి" అన్నాడు. నేను తెలుగులో మొదలుపెట్టి, సగం మంది కన్నడంవాళ్ళని చూసి కన్నడంలోకి మారాను. పొలంలో దోషం లేదని, మా ల్యాబులో తప్పు జరిగిందని, మొక్కలు తారుమారయ్యాయని చెప్పాను.

"యారు మాడిద్దు?" అని అడిగాడు మూలన కూర్చున్న ఒకతను. ఎవరు చేశారని.

నేను ఆ పెద్దాయన వైపు చూశాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నాడు. తప్పు జరిగింది అన్నానే తప్ప, చేసింది ఫలానా అని వాళ్ళ ముందు అప్పటిదాకా నా నోట రాలేదు. అది నాకు ఆ ప్రశ్న వచ్చేదాకా తెలియలేదు.

"నేనే" అన్నాను. రెండు భాషల్లోనూ అన్నాను.

ఆయన తమ్ముడు లేచి బయటికి పోయాడు. ఒకతను టిష్యూ కల్చర్ అరటి గురించి ఏదో అడిగాడు, అదైనా నమ్మొచ్చా అని. నమ్మొచ్చని చెప్తుంటే నా మాటకు విలువ ఎంతో నాకే తెలిసొచ్చింది. బస్సు వచ్చింది, ఎక్కాను. ఆయన హోటల్‌లోనే ఉండిపోయాడు.

సోమవారం సార్‌కు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది ఎవరికీ రాసి ఇవ్వకు" అన్నారు. ఎమ్మిగనూరులో పది మందికి చెప్పి వచ్చానంటే తల పట్టుకున్నారు. నన్ను తీసేస్తారనుకున్నాను. తీయలేదు. బూజు పట్టని చెయ్యి అవసరం ఉంది కదా. నీలి గీత సీసాలన్నిటినీ ఉడికించి పారేశాం. సీసాలు కడిగే ఆమె, నేను కలిసి మూడు రోజులు ఆ పని చేశాం. ట్రేలు మార్చిన మాట సార్ దగ్గర నేను ఎత్తలేదు. గీతలు చెరిపింది నేను, చూడకుండా మళ్ళీ గీసింది నేను. ఆమె చెప్పవలసింది ఆ రోజే చెప్పింది.

మలెనాడు నుంచి తల్లి మొక్కలు కొత్తగా తెప్పించి, ఈసారి ప్రతి తరాన్నీ పరీక్షకు పంపుతూ పెంచాం. మొక్కలు తయారయ్యాక ఊరికే ఇస్తామని సార్ ఆ పెద్దాయనకు కబురు పంపారు. ఆయన వద్దన్నాడు. కోపంతో కాదట. గుంతను కాలువ పూడికతో నింపుతున్నాడట. మన్ను కుదురుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుందని, అప్పుడు వరే వేసుకుంటానని చెప్పి పంపాడు. పాపను కంప్లిలో డాక్టరుకు చూపించారని, ఏమీ లేదన్నారని కూడా ఆ కబురు తెచ్చినతనే చెప్పాడు.

మొన్న శ్రావణంలో బళ్ళారి బస్టాండులో ఆయన కనిపించాడు. నేను పక్కకు తప్పుకుందామనుకున్నాను. ఆయనే చూశాడు. ఆయన వెంట వాళ్ళ బంధువెవరో ఉన్నారు, సిరుగుప్ప వైపు మనిషి.

"బాగుండావామ్మా?" అన్నాడు.

"బాగున్నాను పెదనాయనా."

ఆ బంధువు నన్ను ఎవరన్నట్టు చూశాడు. పెద్దాయన ఏం చెప్తాడోనని నేను సంచి పట్టీని గట్టిగా పట్టుకున్నాను.

"మనకు తెలిసినామె. మొక్కల ల్యాబులో చేస్తాది" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

మా అమ్మానాన్నలు ఎట్లున్నారని అడిగాడు. పాప ఇప్పుడు నడుస్తాంది అని చెప్పాడు. నాకు ఆ మూల గురించి అడగాలని ఉంది, మన్ను కుదురుకుంటోందా, వరి ఎప్పుడు వేస్తారు అని. నోటిదాకా వచ్చింది. ఆ మాట అడిగే అర్హత నాకు ఉందా లేదా అని తేల్చుకునేలోగా వాళ్ళ బస్సు వచ్చింది. ఆయన ముందు బంధువును ఎక్కించి, తర్వాత తానెక్కి, కిటికీ పక్కన కూర్చుని నా వైపు చెయ్యెత్తాడు. నేను కూడా చెయ్యెత్తాను. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆయన ముఖం వైపు చూడలేకపోయాను, ఆయన చేతి వైపే చూస్తూ నిలబడ్డాను.